కాలిఫోర్నియా క్లైమేట్ నిధులు: ‘వెనుకబడిన ప్రాంతాల’ జాబితాపై పనికొచ్చే కామెంట్ ఎలా రాయాలి?

కాలిఫోర్నియాలో గ్యాస్ కొట్టించుకున్న ప్రతిసారీ మనం కట్టే బిల్లులో కొంత వాతావరణ నిధి దారి పడుతుంది. రిఫైనరీలు, కరెంటు ప్లాంట్లు, 2015 నుంచి ఇంధనం సరఫరా చేసే కంపెనీలు కూడా తాము వదిలే కాలుష్యానికి పర్మిట్లు కొనుక్కోవాలి. వాటిని మూడు నెలలకోసారి వేలం వేస్తారు. అలా వచ్చే డబ్బు గ్రీన్‌హౌస్ గ్యాస్ రిడక్షన్ ఫండ్‌లో చేరుతుంది. కొత్త బస్సులు, చవక అద్దె ఇళ్లు, చెట్లు, తాగునీటి పథకాలు, పాత కారు ఇచ్చి ఎలక్ట్రిక్ కారు తీసుకునేవాళ్లకు సాయం వంటివన్నీ ఇందులోంచే వస్తాయి.

ఈ డబ్బులో కనీసం పావు వంతు ‘వెనుకబడిన ప్రాంతాలు’ అని గుర్తించిన చోట్లే ఖర్చు కావాలని చట్టం చెబుతుంది. ఆ ప్రాంతాలేవో తేల్చడానికి ఒక జాబితా ఉంది. దాన్ని ఖరారు చేసే ముందు ముసాయిదా బయటపెట్టి ప్రజలను అభిప్రాయం అడుగుతారు. అప్పుడు చాలామంది రాసేది ఒక్కటే: ‘మా ఏరియాలో పొల్యూషన్ చాలా ఎక్కువ, దయచేసి చేర్చండి.’ అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ జాబితా తయారయ్యేది లెక్కల మీద. ఏ లెక్క ఎందుకు తప్పిందో చెప్పకపోతే, చదివే అధికారి సానుభూతి చూపించడం తప్ప ఏమీ చేయలేడు. ఆ తప్పును ఎలా పట్టుకోవాలో, దాన్ని ఎవరికి, ఎలా చెప్పాలో ఈ మార్గదర్శిలో చూద్దాం.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే కూపర్టినో, శాన్ రమోన్ వీధులు ఈ జాబితాలో ఉండవు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఫ్రెస్నో, స్టాక్టన్, బేకర్స్‌ఫీల్డ్ లాంటి ఊళ్లలో చదువుకుంటున్నవాళ్లకు, అక్కడి ఆస్పత్రుల్లో పనిచేస్తున్నవాళ్లకు, స్థానిక సంఘాలతో కలిసి పనిచేసేవాళ్లకు ఇది సూటిగా పనికొస్తుంది. బే ఏరియాలో డేటా ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా ఒక శనివారం మధ్యాహ్నం కేటాయిస్తే ఇలాంటి సంఘాలకు పెద్ద సాయం చేయగలరు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

చట్టం కథ, క్లుప్తంగా

2006లో వచ్చిన ఏబీ 32 ఈ మొత్తానికి పునాది. వేలంపాటలు 2012 నవంబరులో మొదలయ్యాయి. ఎస్‌బీ 535 కూడా ఆ ఏడాదే వచ్చింది. వేలం డబ్బులో 25 శాతం వెనుకబడిన ప్రాంతాలకు మేలు చేయాలి, కనీసం 10 శాతం ఆ ప్రాంతాల్లోపలే ఖర్చు కావాలి అన్నది దాని షరతు. ‘మేలు’ అన్న మాటను ఎంతైనా సాగదీయొచ్చు కదా! అందుకని 2016లో ఏబీ 1550 తెచ్చి, 25 శాతమూ ఆ ప్రాంతాల్లోపలే పెట్టాలని బిగించారు. దానికి అదనంగా 5 శాతం రాష్ట్రంలో ఎక్కడున్నా సరే తక్కువ ఆదాయ కుటుంబాలకు, ప్రాంతాలకు ఇవ్వాలి. ఇంకో 5 శాతం వెనుకబడిన ప్రాంతానికి అర మైలు లోపల ఉన్న తక్కువ ఆదాయంవాళ్లకు ఇవ్వాలి. 2025లో ఈ వేలం పథకానికి ‘క్యాప్ అండ్ ఇన్వెస్ట్’ అని పేరు మార్చి, 2045 దాకా పొడిగించారు. అంటే ఈ జాబితా గొడవ ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుంది.

జాబితాను ప్రకటించే అధికారం రాష్ట్ర పర్యావరణ సంస్థ కాల్‌ఈపీఏది. 2014, 2017, 2022లలో ప్రకటించింది. 2022 మేలో ప్రకటించిన జాబితాలో నాలుగు రకాల ప్రాంతాలున్నాయి. కాలుష్యాన్నీ జనం స్థితిగతులనూ కలిపి లెక్కగట్టే కాల్‌ఎన్విరోస్క్రీన్ అనే రాష్ట్ర సాధనం స్కోరులో పై 25 శాతంలో నిలిచిన 1,984 సెన్సస్ ట్రాక్టులు (జనగణన కోసం గీసిన చిన్న ముక్కలు) ఒక రకం. జనాభా డేటా సరిపోక మొత్తం స్కోరు రాకపోయినా, కాలుష్యంలో పై 5 శాతంలో ఉన్న 19 ట్రాక్టులు రెండో రకం. 2017 జాబితాలో ఉండి, కొత్త లెక్కలో జారిపోయినా కొనసాగించిన 307 ట్రాక్టులు మూడోవి. ఫెడరల్ గుర్తింపు ఉన్న ఆదివాసీ తెగల అధీనంలోని భూములు నాలుగోవి.

మొదటి పని: మీ ట్రాక్ట్ నంబరు, దాని స్కోరు చూసుకోండి

జిప్ కోడ్‌తో ఇక్కడ పని జరగదు. కొలమానం సెన్సస్ ట్రాక్ట్, అంటే సుమారు 4 వేల మంది ఉండే చిన్న ముక్క. కాల్‌ఎన్విరోస్క్రీన్ మ్యాప్‌లో మీ అడ్రస్ కొట్టి, మీ వీధి మీద క్లిక్ చేస్తే నంబరుతో పాటు అన్ని సూచికలూ వస్తాయి. మొత్తం డేటా ఎక్సెల్ ఫైలుగానూ దొరుకుతుంది. అందులో ఫ్రెస్నో కౌంటీ ట్రాక్టులు 6019తో మొదలవుతాయి. అసలు నంబరు 06019, ముందున్న సున్నాను ఎక్సెల్ మింగేస్తుంది. వేరే సెన్సస్ పట్టికతో కలిపేటప్పుడు రెండు పట్టికలూ జతపడకపోతే ముందు ఈ సున్నా సంగతి చూడండి.

2021లో వచ్చిన 4.0 వెర్షన్ 2010 సెన్సస్ హద్దుల మీద నడుస్తోంది. 2020లో హద్దులు మారాయి కాబట్టి, కొత్త నంబరు వేసి వెతికితే మీ ట్రాక్టు దొరకకపోవచ్చు. కామెంట్‌లో ఏ హద్దుల నంబరు వాడారో రాసేయండి.

మొత్తం పర్సంటైల్ (రాష్ట్రంలో ఎంత శాతం ట్రాక్టుల కంటే ఇక్కడి స్కోరు ఎక్కువో చెప్పే అంకె) 75 దాటితే దాదాపుగా జాబితాలో ఉన్నట్టే. 65కీ 75కీ మధ్య ఉంటే మీ కామెంట్‌కు విలువ అందరికంటే ఎక్కువ, ఎందుకంటే చిన్న సవరణ కూడా గీత దాటించగలదు. 30 దగ్గర ఉంటే నిజాయితీగా చెబుతున్నా, ఈ దారిలో శ్రమ పడకండి. మీకు వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

రెండో పని: స్కోరు ఎలా కడతారో అర్థం చేసుకోండి

అసలు సరుకంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపికగా చదవండి.

4.0లో 21 సూచికలున్నాయి, నాలుగు గుంపులుగా. మొదటిది జనం నేరుగా పీల్చేవి, తాగేవి: ఓజోన్, పీఎం 2.5 (గాల్లోని సన్నని ధూళి), డీజిల్ పొగ, తాగునీటి కలుషితాలు, పాత ఇళ్ల సీసంతో పిల్లలకు ముప్పు, పురుగుమందులు, ఫ్యాక్టరీల విషాలు, ట్రాఫిక్. మొత్తం 8. రెండోది చుట్టుపక్కల నేల, నీళ్ల పరిస్థితి: శుభ్రం చేయాల్సిన పాత స్థలాలు, భూగర్భ జలాలకు ముప్పు, ప్రమాదకర వ్యర్థాలు, పాడైన చెరువులూ నదులూ, చెత్త కేంద్రాలు. ఇవి 5. మూడోది ఆరోగ్యం: ఆస్తమా, గుండె జబ్బు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు. ఇవి 3. నాలుగోది ఆర్థిక, సామాజిక స్థితి: చదువు, ఇంటి ఖర్చు భారం, ఇంగ్లిష్ రాని ఇళ్లు, పేదరికం, నిరుద్యోగం. ఇవి 5. జాతి, వర్ణం ఈ లెక్కలో లేవు. వాటి మీద విశ్లేషణను విడిగా ప్రచురిస్తారు.

ప్రతి సూచికకూ పర్సంటైల్ వస్తుంది. 80 అంటే రాష్ట్రంలో 80 శాతం ట్రాక్టుల కంటే ఇక్కడ పరిస్థితి అధ్వానం అని. మొదటి రెండు గుంపుల సగటులను కలిపితే కాలుష్య భారం వస్తుంది. అందులో రెండో గుంపుకు సగం బరువే. మూడు, నాలుగు గుంపుల సగటులను సమానంగా కలిపితే జనాభా స్థితి వస్తుంది. ఒక్కోదాన్నీ 10కి కుదించి, రెండింటినీ గుణిస్తారు. కాలుష్య భారం 7, జనాభా స్థితి 6 అయితే స్కోరు 42.

కూడకుండా గుణించడం వల్ల, గాలి ఎంత చెడ్డగా ఉన్నా డబ్బున్న ప్రాంతం పైకి రాదు. అలాగే ఎంత పేదరికమున్నా గాలి, నీళ్లు బాగుంటే ఆ ప్రాంతమూ రాదు. కాబట్టి కామెంట్‌లో ఒక్క కాలుష్యం గురించే మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

ఇంకో కిటుకు ఉంది. అన్ని సూచికల బరువూ ఒకటి కాదు. ఏదైనా ఒక సూచిక పొరపాటున 40 పాయింట్లు తక్కువ పడిందనుకుందాం. అది డీజిల్ పొగ అయితే, ఎనిమిదింటిలో ఒకటి కాబట్టి గుంపు సగటు 5 తగ్గుతుంది, కుదింపుకు ముందు కాలుష్య భారం సుమారు 3.3 తగ్గుతుంది. చెత్త కేంద్రం సూచిక అయితే సుమారు 2.7. పేదరికమైతే జనాభా స్థితి 4 తగ్గుతుంది. ఆస్తమా అయితే, మూడింటిలో ఒకటి కాబట్టి సుమారు 6.7! అంటే ఒక ఆరోగ్య సూచిక తప్పుగా ఉంటే, డీజిల్ సూచిక తప్పుకు రెట్టింపు దెబ్బ. బయటికి కనిపించేది ట్రక్కుల పొగే కాబట్టి అందరూ దాని మీదే రాస్తారు. మీ శ్రమను ముందు ఆరోగ్య సూచికల మీద పెట్టండి.

మూడో పని: లెక్కలో పడనిదేమిటో పట్టుకోండి

ఆస్తమానే తీసుకోండి. లెక్కలోకి వచ్చేది ఎమర్జెన్సీ రూముకు వెళ్లినవాళ్ల సంఖ్య, అదీ 2015 నుంచి 2017 వరకు. అర్జెంట్ కేర్‌కు వెళ్లినవాళ్లు, ఇంట్లోనే ఇన్‌హేలర్‌తో నెట్టుకొచ్చేవాళ్లు ఇందులో లేరు. విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన అమ్మానాన్నలను ఈఆర్‌కు తీసుకెళ్లాలంటే మనమే బిల్లు తలుచుకుని పదిసార్లు ఆలోచిస్తాం. అసలు ఇన్సూరెన్సే లేని పొలం కూలీ కుటుంబం వెళుతుందా? ఈ లోపం ఊహ మాత్రమే కాదు. 2024లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ సూచిక వలస వచ్చినవాళ్ల బాధను తక్కువగా చూపే ప్రమాదం ఉందని చెప్పింది. లెక్క కట్టే పద్ధతిలో చిన్న మార్పులు చేసినా సుమారు 16 శాతం ట్రాక్టుల తలరాత మారిపోతుందనీ చూపించింది. మీ ట్రాక్టులో వలస కుటుంబాలు ఎక్కువగా ఉండి, పీఎం 2.5 పైన, ఆస్తమా కింద కనిపిస్తే, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ప్రశ్న అడగండి. స్కూల్ నర్సు దగ్గర ఎంతమంది పిల్లల ఇన్‌హేలర్లున్నాయో (పేర్లు వద్దు, సంఖ్య చాలు) రాతపూర్వకంగా తీసుకోగలిగితే ఇంకా మంచిది.

పురుగుమందుల సూచిక వ్యవసాయంలో వాడి రిపోర్టు చేసిన, ఎంపిక చేసిన మందులనే లెక్కేస్తుంది. ఇళ్లలో, పెరళ్లలో కొట్టేవి రావు. పేదరికం, నిరుద్యోగం, ఇంగ్లిష్ అంకెలు 2015-2019 సర్వేవి. అంటే కోవిడ్‌కు ముందు లోకం. ఆ తర్వాత మీ దగ్గర ఫ్యాక్టరీ మూతబడితే అది అందులో కనిపించదు. ‘ఇంగ్లిష్ రాని ఇల్లు’ అంటే పద్నాలుగేళ్లు, ఆపైన వయసున్నవాళ్లలో ఒక్కరు కూడా ఇంగ్లిష్ బాగా మాట్లాడలేని ఇల్లు. హైస్కూలు పిల్ల ఒక్కతి గడగడా మాట్లాడితే ఆ ఇల్లు లెక్కలోంచి తప్పుకుంటుంది. తల్లిదండ్రులకు డాక్టర్ దగ్గరా, అద్దె ఆఫీసులోనూ ఆ పిల్లే దుబాసీ అన్నది మాత్రం ఏ గళ్లోనూ లేదు.

తర్వాత, ఊళ్లో కొత్తగా వచ్చినవి. గోదాములు, ట్రక్కుల యార్డులు, కొత్తగా మొదలైన చెత్త కేంద్రాలు. సిటీ ప్లానింగ్ ఆఫీసులో అనుమతుల తేదీలు దొరుకుతాయి. ఒక మామూలు పని దినాన, ఒక గంటపాటు, ఒక మూల నిలబడి ట్రక్కులు లెక్కపెట్టి, తేదీ, టైము, కూడలి పేరు రాసుకోండి. చవక గాలి సెన్సర్ ఉంటే దాని అంకెలు మాత్రమే పంపకండి. దగ్గర్లోని ప్రభుత్వ మానిటర్ అంకెలు కూడా పక్కన పెడితేనే నమ్ముతారు. తాగునీటి గురించైతే మీ నీటి సంస్థ ఏటా ఇచ్చే నాణ్యత నివేదిక చాలు.

ఇదంతా చేస్తే నిజంగా మారుతుందా? సూచికలు మారుతూనే వచ్చాయి. బే ఏరియాలో ఆదాయం చూస్తే పర్వాలేదనిపిస్తుంది, అద్దె కట్టాక ఏమీ మిగలదు, పాత లెక్కకు అది తెలియదు అన్న ఫిర్యాదు మొదట్నుంచీ ఉండేది. 2017లో 3.0లో ఇంటి ఖర్చు భారాన్ని చేర్చారు. 4.0లో సీసం ముప్పు వచ్చింది. డెయిరీలు, పశువుల దొడ్లు భూగర్భ జలాల సూచికలోకి, క్రోమ్ ప్లేటింగ్ షాపులు ప్రమాదకర వ్యర్థాల సూచికలోకి చేరాయి.

నాలుగో పని: సరైన ఆఫీసు ఏదో తేల్చుకోండి

ఇండియాలో మన దగ్గర ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు షామియానా వేసి, కలెక్టర్‌ను కూర్చోబెట్టి జరిపే ప్రజాభిప్రాయ సేకరణ చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి కొంచెం తికమకగా ఉంటుంది. అక్కడ 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఒక ప్రాజెక్టు, ఒక సభ. ఇక్కడ ఒకే సమస్యకు నాలుగు ఆఫీసులు.

సూచిక తప్పుగా ఉంది, డేటా పాతది, కొత్త సూచిక కావాలి అంటే కాల్‌ఎన్విరోస్క్రీన్‌ను తయారుచేసే ఓఈహెచ్‌హెచ్‌ఏకి చెప్పాలి. కొత్త వెర్షన్ ముసాయిదా వచ్చినప్పుడే అసలు అదను. 25 శాతం గీత ఎక్కడ గీయాలి, డేటా లేని ట్రాక్టులను ఏం చేయాలి, పాత జాబితాలోవాళ్లను కొనసాగించాలా అన్నవి కాల్‌ఈపీఏ ప్రశ్నలు. ఖర్చు పెట్టిన డబ్బు నిజంగా మేలు చేసినట్టు ఎలా లెక్కిస్తారన్నది ఎయిర్ రిసోర్సెస్ బోర్డు, అంటే కార్బ్, పరిధిలోది. ఫలానా బస్సు రూటు మా వీధికి రాలేదు అన్నది ఆ పథకం నడిపే సంస్థకు చెప్పాలి. తెగల భూముల విషయం వేరు, అది ఆ తెగ ప్రభుత్వానికీ రాష్ట్రానికీ మధ్య నేరుగా సాగే సంప్రదింపు.

కాల్‌ఈపీఏకి ‘మా ట్రాఫిక్ డేటా తప్పు’ అని రాస్తే ఆ ఉత్తరం చెత్తబుట్టలో పడదు కానీ, ఆ దఫాకు ఉపయోగపడకుండా పోవచ్చు. ఓఈహెచ్‌హెచ్‌ఏ, కాల్‌ఈపీఏ, కార్బ్ ఈమెయిల్ జాబితాలు మూడింటిలోనూ చేరి ఉంటే ముసాయిదా తేదీలు తప్పిపోవు.

ఐదో పని: రాయండి

రెండు పేజీలు మించకండి. మొదటి పేరాలోనే ట్రాక్ట్ నంబరు, మీరు అడిగేదేమిటో ఉండాలి. నమూనా ఇలా ఉండొచ్చు (అంకెలు ఊహించి రాసినవి):

‘నేను ఫలానా నంబరు ట్రాక్టులో ఆరేళ్లుగా ఉంటున్నాను. 4.0లో మా మొత్తం పర్సంటైల్ 71. పీఎం 2.5లో 92, ఆస్తమాలో 44. మా ట్రాక్టులో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువ, ఈఆర్ సందర్శనలు మా జబ్బును తక్కువగా చూపుతున్నాయి. మా స్కూలు నర్సు ఇచ్చిన సంఖ్య జతచేశాను. పైగా డేటా సేకరించిన తర్వాత అర మైలు లోపల రెండు గోదాములు తెరిచారు, సిటీ అనుమతులు జతచేశాను. నేను కోరేవి రెండు. ఒకటి, పీఎం 2.5 బాగా ఎక్కువగా, ఆస్తమా తక్కువగా కనిపించే ట్రాక్టులను విడిగా పరిశీలించండి. రెండు, 70 నుంచి 75 మధ్య ఉన్న ట్రాక్టుల విషయంలో డేటా తేదీ తర్వాత వచ్చిన కాలుష్య కేంద్రాలను లెక్కలోకి తీసుకోండి.’

ఇందులో రెండో కోరిక ఒక్క మీ వీధికే కాక, రాష్ట్రమంతా వర్తించే నియమంగా ఉండటం గమనించండి. ఒక్క ట్రాక్టుకు మినహాయింపు ఇవ్వడం అధికారులకు కష్టం. అందరికీ వర్తించే నియమమైతే ఆలోచించగలుగుతారు. అలాంటి ట్రాక్టులు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి జతచేస్తే ఇంకా బలం. ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టడం తెలిసినవాళ్లకు పావుగంట పని. డేటా ఉద్యోగులు సాయం చేయగలరని పైన అన్నది ఇందుకే.

ఒకే ఉత్తరాన్ని వంద మంది కాపీ కొట్టి పంపితే దాన్ని ఒకే వాదనగా చదివే అవకాశం ఎక్కువ. దానికంటే ఒక సంఘం పేరుతో ఒక పూర్తి ఉత్తరం, దాన్ని సమర్థిస్తూ తమ సొంత వివరాలతో పదిమంది రాసే నాలుగేసి వాక్యాలు మేలు. ఇంకో జాగ్రత్త. మీరు పంపింది పబ్లిక్ రికార్డు అవుతుంది, వెబ్‌సైట్‌లో కూడా పెట్టొచ్చు. ఫోను నంబరు, ఇంటి నంబరు, పిల్లల ఆరోగ్య వివరాలు ఉత్తరంలో పెట్టకండి. ట్రాక్ట్ నంబరు, దగ్గర్లోని కూడలి చాలు.

మీటింగ్‌లో మాట్లాడాలంటే

కార్బ్ లాంటి రాష్ట్ర బోర్డులు సమావేశానికి కనీసం 10 రోజుల ముందు అజెండా ప్రకటించాలి, బాగ్లీ-కీన్ చట్టం అలా చెబుతుంది. హాజరు కావడానికి పేరు రాయడం తప్పనిసరి కాదు. మాట్లాడటానికి సాధారణంగా రెండు, మూడు నిమిషాలిస్తారు. దుబాసీ సాయంతో మాట్లాడేవాళ్లకు ఆ సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. అదే సమయంలో అనువదించే పరికరాలు ఉంటే మాత్రం ఈ నియమం వర్తించదు. కాబట్టి మీ అమ్మగారో, పక్కింటి పెద్దాయనో తెలుగులో చెబుతానంటే మొహమాటపడకండి. నోటీసులో ఉన్న అధికారికి ముందుగానే రాసి తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఆఖరి నిమిషంలో అడిగితే దొరకడం కష్టం.

మాట్లాడేటప్పుడు ఉత్తరం మొత్తం చదవకండి. ట్రాక్ట్ నంబరు, ఒక అంకె, ఒక అనుభవం, ఒక కోరిక చెప్పండి. మిగతాది రాసి పంపామని చెప్పి కూర్చోండి.

జాబితాలో చోటు దక్కకపోతే

తుది ప్రకటనతో పాటు వచ్చే పత్రంలో ప్రజల అభిప్రాయాలకు సంస్థ ఏమందో వెతకండి. మీ వాదనకు ‘తర్వాతి వెర్షన్‌లో పరిశీలిస్తాం’ అన్న జవాబు కనిపిస్తే, ఆ పేజీని దాచుకుని వచ్చే దఫా ఉత్తరం దాంతోనే మొదలుపెట్టండి.

ఈలోగా ఏబీ 1550 తెరిచిన దారి ఉంది. కార్బ్ ప్రచురించే ప్రాధాన్య ప్రాంతాల మ్యాప్‌లో మీ అడ్రస్ కొడితే తక్కువ ఆదాయ ట్రాక్టులో ఉన్నారా, వెనుకబడిన ప్రాంతానికి అర మైలు లోపల ఉన్నారా అన్నది కనిపిస్తుంది. రెండూ కాకపోయినా, మీ కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నా, రాష్ట్ర గృహ విభాగం మీ కౌంటీకి పెట్టిన తక్కువ ఆదాయ పరిమితి లోపు ఉన్నా, తక్కువ ఆదాయ కుటుంబం కిందే వస్తారు. శాంతా క్లారా లాంటి ఖరీదైన కౌంటీల్లో ఆ పరిమితి మనం ఊహించినదానికంటే చాలా ఎక్కువ. ఇది ఏటా మారుతుంది, ఇంట్లో ఎందరున్నారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. వాట్సాప్‌లో తిరిగే పాత స్క్రీన్‌షాట్ చూసి మనకు రాదులే అనుకోకుండా, అప్లై చేసే నెలలో అమల్లో ఉన్న పట్టిక తెరిచి చూడండి.